ఆనందమ్మ టీచరు ఆరు చీరలు

మెట్టకూరులో ఆనందమ్మ టీచరుకి ఉన్నవి ఆరంటే ఆరు చీరలు. ఏడోది కూడా ఉంది కదా అంటే ఆవిడ ఒప్పుకోదు, అది దుప్పటి అంటుంది. మేనకోడలి పెళ్ళిలో వదినగారు పెట్టిన చీర అది. ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి, దీన్ని కట్టుకోవడం కంటే దీని మీద పడుకోవడం నయమని పరుపు మీద పరిచేసింది. తర్వాత ఆ వదినగారే ఒకసారి ఇంటికొచ్చి, దాని మీదే కూర్చుని కాఫీ తాగి, దుప్పటి బాగుందే అని మెచ్చుకుని మరీ వెళ్ళింది.

ఆ ఆరింటిలో రెండు తెల్లవి, ఆదివారం గుడికి. మూడు రంగువి, బయటికి వెళ్ళడానికి. ఒకటి పట్టుది, పెళ్ళిళ్ళకి. పట్టుది తప్ప అన్నీ బండారులంక వెళ్ళి, మగ్గం పక్కన కూర్చుని, అంచు తిరగేసి చూసి, చెంగు పోగు లాగి చూసి, నేసేవాళ్ళ ప్రాణం తోడేసి కొన్నవి. ఒక్కో చీర కొనడానికి ఏడాది ఆగేది. ఆ ఏడాదంతా ఇంట్లో చవగ్గా దొరికే మెత్తళ్ళ పులుసే. గోదావరిలో పులస పడిందని ఊరంతా ఊగిపోతున్నా, ఆ చేప ఆవిడ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. భర్త శాంతిరాజు, తపాలా ఆఫీసులో చేసి రిటైరైన నెమ్మదస్తుడు, పక్కింటి వాసనతోనే సరిపెట్టుకునేవాడు. కానీ ఆ చీరలు చూడాలి. కుంకుడు రసంతో ఉతకడం, పలచగా గంజి పెట్టడం, నీడలో ఆరేయడం, మడత దగ్గర చిరక్కుండా నెలకోసారి మడత మార్చడం. పాత తెల్లచీరకి పద్నాలుగేళ్ళు. నాలుగుసార్లు ఫాల్ మార్చింది గాని చీర మాత్రం చెక్కు చెదరలేదు.

వీధిలో ఆడవాళ్ళంటే ఆవిడకి చులకన. అది దాచుకునే అలవాటు కూడా లేదు. బీరువా తెరిస్తే చీరలు మీద పడతాయి, బయలుదేరేటప్పుడు మాత్రం కట్టుకోవడానికి ఒక్కటీ లేదని ఏడుస్తారు, ఇదేం తెగులో అనేది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఎక్కడైనా బోర్డు కనిపిస్తే చాలు, కాకినాడ బస్సెక్కేస్తారు. వాడు ఆ రెండోది ఎందుకు వదిలించుకుంటున్నాడో ఒక్కతీ ఆలోచించదు. ఫోనులో చూసి తెప్పించుకునేవాళ్ళు మరీ ఘోరం. ఫోటోలో నెమలి ఉంటుంది, పెట్టెలో కాకి వస్తుంది, ఆ కాకినే కట్టుకుని మళ్ళీ ఫోటో దిగుతారు. ఛీ, డబ్బులు తగలేయడమంటే ఇదే అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు, యూనిఫాం చీర ఒక ఎత్తు. గుడిలో క్రిస్మస్ పాటలు పాడే ఆడవాళ్ళకి పూర్వం తెల్లచీరలే. ఎవరిది వాళ్ళు కట్టుకొచ్చేవారు. ఆరేళ్ళ కిందట స్త్రీల సమాజానికి సుమ అధ్యక్షురాలైంది. బ్యాంకులో ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ ఫోను. అప్పటి నుంచి ఏటా అందరికీ ఒకే రకం చీరలు టోకున మూటగా తెప్పిస్తోంది. వాటి సంగతి ఆనందమ్మ నోటే వినాలి. దగ్గరికి వెళ్తే చిటపటమంటాయి, దూరం నుంచి చూస్తే కళ్ళు పోతాయి, ఎక్కడ నిలబడి చూడాలో ఆ మిల్లు వాడికే తెలియాలి. డిసెంబరులో ఒంటి మీద ఉన్నది ఈస్టరుకల్లా కిటికీకి తెర, వానాకాలానికి రొయ్యల షెడ్డులో నడుముకి చుట్టుకునే గుడ్డ. వీధిలో నడుస్తూ, అదిగో మెరూన్ ఏడాది, ఇదిగో నెమలికంఠం ఏడాది అని శాంతిరాజుకి వేలు పెట్టి చూపించేది.

టీచరమ్మ కదా అని ఇన్నాళ్ళూ ఆవిడ జోలికి ఎవరూ పోలేదు. అంత తళతళ మధ్యా ఆవిడ ఒక్కతే తెల్లగా నిలబడి రెండో చరణం పాడేది. ఆ చరణం ఒక్క గొంతుతోనే పాడాలి. ఇరవై రెండేళ్ళుగా అది ఆనందమ్మ సొత్తు. ఆ నాలుగు పాదాల కోసం నవంబరు నుంచి చల్లనీళ్ళు ముట్టదు, కూరలమ్మితో కూడా గట్టిగా బేరమాడదు. ఏడాది మొత్తానికి ఆవిడకి తన మీద తనకి మురిపెం కలిగేది ఆ రెండు నిమిషాలే.

ఈసారి సుమ దానికి ఎసరు పెట్టింది. ఆరాధనంతా యూట్యూబులో చూపిస్తున్నామని, మధ్యలో ఒక్కరు వేరే రంగులో ఉంటే బాగోదని, యూనిఫాం కట్టనివాళ్ళు వరసలో నిలబడకూడదని మాట పుట్టించింది. వచ్చే ఆదివారం సమాజంలో ఖాయం చేస్తారట. శాంతిరాజు ఇది విని, పోనీ ఒక్క గంట కట్టుకో, నీ చరణం నీకుంటుంది కదా అన్నాడు. ఆ పూట ఆయన కూరలో ఉప్పు పడలేదు.

ఆనందమ్మ పంతం పట్టింది. తను కట్టుకోవడం కాదు, అందరిచేతా మళ్ళీ తెల్లచీరలు కట్టించాలి. ఆదివారం ఆరాధన అయ్యాక సమాజం కూడింది. ఆవిడ పద్నాలుగేళ్ళ తెల్లచీరకి గంజి పెట్టి కట్టుకొచ్చి, లేచి నిలబడి మాట్లాడింది. ముప్పై ఏళ్ళు మూడో తరగతికి పాఠం చెప్పిన గొంతు, మైకు అక్కర్లేదు. ఈ చీర వయసు మీ పిల్లల్లో చాలామంది కంటే ఎక్కువ అంది. మీ బీరువాల్లో ఉన్నవి చీరలు కావు, చెత్త అంది. మంచిది ఒకటి కొనుక్కుని పదేళ్ళు కట్టడం చేతగాక ఏటా మూట దింపుతున్నారు, గుడికొచ్చే మనుషులకి ఆ మాత్రం గుడ్డ తెలియకపోతే ఎలా అంది. సుమ ఫోనులోంచి తల ఎత్తలేదు. మిగతావాళ్ళు ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు.

మాట తేలడం లేదని ఆనందమ్మ సాక్షి కోసం చూసింది. ఎదుటి బెంచీలో ఏంజెల్ కనిపించింది. దరియాలతిప్ప పిల్ల, ఆవిడ దగ్గరే చదువుకుంది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, రొయ్యల షెడ్డులో తొక్క వలిచే పని. మంచి గొంతు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పి ఎరగదు. సాక్షికి అలాంటి మనిషే కావాలనుకుంది.

"ఏంజెల్, లేమ్మా. పోయినేడు యూనిఫాం చీర కొన్నావు కదా. అదేమైందో నువ్వే చెప్పు వీళ్ళకి."

ఏంజెల్ లేచి చెంగు సర్దుకుంది. "ఏమవలేదండి. ఆయ్, ఇదేనండి."

అందరూ చూశారు. ఆనందమ్మా చూసింది. రాగిరంగు చీర, మోకాలి దగ్గర పోగులు లేచి ఉన్నాయి, శుభ్రంగా ఉతికి ఉంది. వేలికొస తగిలితే నూలేదో కల్తీ ఏదో చెప్పగలిగే మనిషి, ఇంతసేపూ ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం కట్టుకుందో చూడనే లేదు. అయినా తగ్గలేదు. అదేనే నేను చెప్పేది, ఆ డబ్బులేవో దాచుకుని ఒక మంచి తెల్లది కొనుక్కుంటే పోయేది కదా అంది.

"తెల్లది ఉండేదండి నాకు," అంది ఏంజెల్. "మా అత్తగారిది. ముందు వరసలో నిలబడితే, పచ్చబడిపోయింది, వరస పాడవుద్ది, వెనక్కెళ్ళి స్తంభం పక్కన నిలబడమన్నారండి మీరు. మూడు క్రిస్మస్‌లు అక్కడే పాడానండి. యూనిఫాం వచ్చాకే ముందుకొచ్చాను."

కోపంగా అనలేదు. హాజరు పిలిస్తే పలికినట్టు అనేసి కూర్చుంది. ఆనందమ్మకి ఆ మాట తను అన్నట్టు గుర్తు లేదు. కానీ అనే ఉంటుందని తెలుసు. అది అచ్చంగా తన మాటే, ఎవరూ కల్పించలేరు. సిగ్గుతో చితికిపోయింది. తర్వాత సుమ ఏం ఖాయం చేసిందో కూడా వినకుండా ఇంటికి నడిచింది.

ఇంట్లో బీరువా తీసి, రెండో తెల్లచీర బయట పెట్టింది. దాన్ని ఏంజెల్‌కి ఇచ్చేద్దామనుకుంది. అందరూ తళతళలాడుతుంటే ఆ పిల్ల అది కట్టుకుని ఎక్కడ నిలబడాలి? టీచరమ్మ దయతలచి ఇచ్చిన చీర అని ఊరంతా చెప్పుకోవాలి, అంతేగా? తనని తనే తిట్టుకుంటూ చీర మళ్ళీ లోపల పెట్టింది. మర్నాడు యూనిఫాం డబ్బులు శాంతిరాజు చేత సుమకి పంపింది. పాటల సాధనకి వెళ్ళి, ఈ ఏడాది తనకి గొంతు బాగోలేదని, రెండో చరణం ఏంజెల్ పాడుతుందని చెప్పింది. నెల రోజులుగా వేడినీళ్ళు తాగిన గొంతు ఆ అబద్ధాన్ని ఖంగున పలికింది.

క్రిస్మస్ పొద్దున ఆ చీర విప్పింది. రంగు పేరు పీచ్ అట. ఆనందమ్మకి అది నీళ్ళు ఎక్కువైన టమాటా చారులా కనిపించింది. కుచ్చిళ్ళు నిలవవు, చెంగు భుజాన ఆగదు. ఏడు పిన్నులు గుచ్చింది, పిన్నుకో తిట్టు తిట్టింది. శాంతిరాజు బాగున్నావు అనబోయి, ఆవిడ ముఖం చూసి మానేశాడు.

గుడిలో సుమ, ముందుకి రండి టీచరు గారూ, మీ చోటు మీదే అని పిలిచింది. ఇక్కడే బాగుందమ్మా అని ఆనందమ్మ వెళ్ళి వెనక వరసలో స్తంభం పక్కన నిలబడింది. అక్కడి నుంచి పాస్టరు గారు కనపడరు, నక్షత్రం కనపడదు, కెమెరాకి తనూ కనపడదు. కనపడేవల్లా వీపులే. అన్నీ ఒకే చారు రంగు. నడక చూసి పిల్లల్ని గుర్తుపట్టే మనిషి, ఆ వరసల్లో ఏంజెల్ ఎక్కడుందో వెతికి వెతికి పోల్చుకోలేకపోయింది. సుమ ఏదో, రొయ్యలు వలిచే పిల్ల ఏదో తెలియడం లేదు.

మొదటి చరణం అయిపోయింది. అందరూ ఆగారు. ముందు వరసలో ఎడమ చివర నుంచి రెండో చరణం ఒక్క గొంతుతో లేచింది. అప్పుడు తెలిసింది ఏంజెల్ ఎక్కడుందో. ఇరవై రెండేళ్ళు తనే పాడిన చరణం, ఆనందమ్మ వినడం అదే మొదటిసారి. తన కంటే బాగా పాడుతోంది. ఆ మాట కూడా ఒప్పుకుని తీరాలనిపించింది, ఒప్పుకుంది.

మూడో చరణం అందరిదీ. ఆనందమ్మ జారిపోతున్న చెంగుని విసుగ్గా పైకి లాక్కుని, వాళ్ళతో పాటు అందుకుంది.