ఉప్పు తగలని వాచీ

కాశీబుగ్గ బజారులో పాత వాచీలు అమ్ముకునేవాళ్ళకి గిట్టని మనిషి ఒకడున్నాడు. ఐసు వ్యాను రామూర్తి. బేరమాడి విసిగిస్తాడని కాదు, అసలు బేరం దాకా రాడనే వాళ్ళ బాధ. పలాసలో ఐసు ఎక్కించుకుని ఉద్దానం రేవులకు చేర్చడం, తిరుగుదారిలో చేపల పెట్టెలు తేవడం అతని బతుకుతెరువు. మధ్యలో కాస్త ఖాళీ దొరికితే చాలు, ఏదో ఒక కొట్టు ముందు బండి ఆపి, జేబులోంచి భూతద్దం తీస్తాడు. ఒంటి మీద చేపల వాసన, చేతిలో భూతద్దం. కొట్టువాడు ముక్కు మూసుకోవాలో నోరు మూసుకోవాలో తేల్చుకోలేడు.

అతను వెతికేవి పాత క్వార్ట్జ్ వాచీలు మాత్రమే. కీ ఇచ్చేవి వద్దు, ఇప్పటి ఫోనుల్లాంటివి అసలే వద్దు. సెల్లుతో నడుస్తాయని జనం వింతగా చెప్పుకున్న రోజుల నాటి ఫారిన్ సరుకు కావాలి. వాటిని చూసే పద్ధతి ఎవరూ నేర్పలేదు, మోసపోయి మోసపోయి వంటబట్టించుకున్నాడు. ముందు డయలు చూస్తాడు. ఒళ్ళంతా గీతలు పడి డయలు మాత్రం తళతళలాడుతుంటే, ముసలాడికి పాలపళ్ళు మొలిచినట్టేనని పక్కన పెట్టేస్తాడు. అది మళ్ళీ రంగు వేసినది. పేరులో అక్షరాల అంచులు తేటగా ఉండాలి. సెకన్ల ముల్లు దుమికితే గీత మీదే పడాలి. “ఆగిపోయింది గానీ సెల్లు వేస్తే ఆడుతుంది” అన్న మాట మాత్రం దేవుడు చెప్పినా నమ్మడు. “అయితే ఏసి సూపించు” అంటాడు.

వెనక మూత తీయించకుండా అతను ఏ వాచీ కొనడు. డయలు మీద పేరూ లోపల మిషను మీద పేరూ ఒకటే కావాలి. మరమేకుల తలలు అరిగిపోయి ఉంటే చాలా చేతులు పడ్డాయని అర్థం. పాత సెల్లు కారి పచ్చగా చిలుము పట్టిందేమో చూస్తాడు. అన్నీ అయ్యాక, చివర్లో ఉప్పు చూస్తాడు. అది మాత్రం బెస్తవాళ్ళ చూపు. సముద్రం ఒక్కసారి వాచీలో దూరిందంటే ఎన్నేళ్ళయినా దాని జాడ పోదు. ముళ్ళ మొదట్లో తుప్పు, మూత అంచున తెల్లటి పొడి, డయలు మీద మరకలు. తుడిచినా మళ్ళీ తేలుతుంది.

ఇదంతా చూసి జనం అతనికి వాచీల మోజు అనుకుంటారు. మోజు కాదు, పగ. ఒక మనిషి ప్రాణం కన్నా ఎక్కువ అనుకునేంత గొప్పతనం ఆ బిళ్ళలో ఏముందో తెలుసుకోవాలని అతని పట్టుదల. ఆ మనిషి అతని బావ అప్పలరాజు.

రామూర్తి పుట్టిన మెట్టరేవులో ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో పెళ్ళీడు పిల్లలందరికీ ఒకే ముహూర్తాన పెళ్ళిళ్ళు చేస్తారు. అతని అప్ప, అంటే అక్క, అప్పలమ్మకి అప్పలరాజుతో పెళ్ళయిన ఏడు, ఒకరి అల్లుడు ఎక్కువ, ఒకరి అల్లుడు తక్కువ అనిపించుకోకూడదని పెద్దలు ఓడలో పనిచేసే ఒకాయన చేత ఒకే రకం వాచీలు తెప్పించి పెళ్ళికొడుకులందరికీ కట్టించారు. అన్నీ ఒక్కలాగే ఉంటే కలిసిపోవా మరి. అందుకని వల తేలడానికి కట్టే బెండ్ల మీద ఎవరింటి గుర్తు వాళ్ళు చెక్కుకున్నట్టే, వాచీ వెనక మూత మీద మేకుతో ఎవరి గుర్తు వాళ్ళు గీసుకున్నారు. అప్పలరాజు గుర్తు చేప తోక, దాని కింద చుక్క.

మూడేళ్ళు తిరగకుండానే ఒక కార్తీకంలో, వేట నుంచి వస్తున్న తెప్ప ఒడ్డుకి కూతవేటు దూరంలో తిరగబడింది. మిగతావాళ్ళు ఎలాగో ఈది వచ్చారు. అప్పలరాజు రాలేదు. అలల మధ్య అతని చెయ్యి ఒకటి పైకి లేచి ఉండటం ఒడ్డున ఉన్నవాళ్ళంతా చూశారు. శవం దొరకలేదు. ఇంట్లో వెతికితే వాచీ కూడా కనపడలేదు. ఇంకేముంది, వాచీ తడిసిపోతుందని చెయ్యి పైకెత్తి ఒంటిచేత్తో ఈదబోయి మునిగిపోయాడని ఎవరో అన్నారు, ఊరంతా అదే ఖాయం చేసుకుంది. ఏడుపు ఏడాదిలో తీరింది, ఎగతాళి మాత్రం మిగిలిపోయింది. ఎవరైనా ఒక వస్తువుని మరీ అపురూపంగా దాచుకుంటే “అప్పలరాజు వాచీ ఏటి?” అనడం మెట్టరేవులో సామెత అయిపోయింది. అప్పుడు సోంపేట హాస్టల్లో చదువుకుంటున్న రామూర్తి ఆ మాట సెలవులకి వచ్చినప్పుడు విన్నాడు. అప్పలమ్మ మాత్రం ముప్పయ్యేళ్ళుగా కుళాయి దగ్గరా సంతలోనూ వింటూనే ఉంది. మాట విన్న ప్రతిసారీ తల దించుకుని బిందె ఎత్తుకునేది. నవ్వేవాళ్ళ నోటికి తాళం వేయలేకపోయానన్న దిగులు తమ్ముడిని తినేసేది.

మొన్న ఎండాకాలం కాశీబుగ్గలో నారాయణరావు వాచీల కొట్టు మూసేస్తున్నారని తెలిసి రామూర్తి వెళ్ళాడు. నారాయణరావు పోయి చాలా కాలమైంది. కొడుకు మురళీమోహన్ అక్కడ ఫోనులు పెట్టుకుందామని పాత సామాను ఖాళీ చేస్తున్నాడు. ఒక బిస్కట్ల డబ్బా రామూర్తి ముందుకి తోశాడు.

“ఇవన్నీ బాగుకి ఇచ్చేసి మరి రానోళ్ళవి. ఎప్పటికైనా వస్తారని మా నాన్న అమ్మనివ్వలేదు. నీకు కావాలంటే సూసుకో, రామూర్తీ.”

నాలుగు వాచీలు పక్కన పెట్టాక అయిదోది చేతికొచ్చింది. ముందు డయలే చూశాడు, అలవాటు. అక్షరాలు తేటగా ఉన్నాయి, వయసుకి తగ్గట్టు కాస్త పసుపు తిరిగింది. బోర్లించాడు. మూత మీద చేప తోక, దాని కింద చుక్క.

రామూర్తి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బావ దొరికాడేమో అన్నంత పిచ్చి ఆశ కలిగింది అతనికి. వెంటనే అనుమానం కూడా వచ్చింది. ఇసకలో దొరికిన వాచీని ఎవడో తెచ్చి బాగుకి ఇచ్చి ఉండొచ్చు కదా. లేదంటే మూత ఒక వాచీది, ఒళ్ళు ఇంకొకదానిది అయి ఉండొచ్చు. ఇన్నేళ్ళలో అలాంటివి ఎన్ని చూడలేదు.

“మూత తియ్యి బాబూ” అన్నాడు.

“ఏటంత కంగారు? కూల్‌డ్రింకు తాగుతావా?”

“ముందు మూత తియ్యి.”

మూత తేలికగా రాలేదు. చాలా ఏళ్ళుగా ఎవరూ తీయలేదని దాని బిగుతే చెబుతోంది. కింద రబ్బరు చుట్టు దాని గాడిలోనే కూర్చుని ఎండిపోయి ఉంది. మూతకీ ఒంటికీ మధ్య పేరుకున్న మట్టి రెండు వైపులా ఒకేలా అచ్చు పడింది. కాబట్టి మూత దీనిదే. మిషను మీద పేరు డయలు మీదిదే. మరమేకుల తలలు నునుపుగా ఉన్నాయి. నారాయణరావు వేసిన సెల్లు కారి మూలన కొంచెం చిలుము పట్టింది, అంతే. రామూర్తి భూతద్దం కంటికి ఆనించి ముళ్ళ మొదలు చూశాడు, అంచు చూశాడు. ఉప్పు లేదు. ఆ వాచీ సముద్రంలో ఎన్నడూ మునగలేదు.

అంటే బావ చేతికి ఆ రోజు వాచీ లేదు. పెళ్ళినాటి వాచీ ఆగిపోయిందని తెలిస్తే అప్ప అశుభమని బెంగపడుతుందని, గుట్టుగా కాశీబుగ్గ తెచ్చి సెల్లుకి ఇచ్చి ఉంటాడు. తీసుకెళ్ళడానికి మనిషే లేకుండా పోయాడు.

బేరం ఆడకుండా రామూర్తి వాచీ కొనడం కాశీబుగ్గ చూసింది అదొక్కసారే. వ్యానులో ఐసు కరిగి రోడ్డు పొడుగునా కారుతున్నా ఎక్కడా ఆపకుండా జీడితోటల మధ్య నుంచి నేరుగా మెట్టరేవుకి నడిపాడు. దారంతా అతనికి సంతోషమే. ఇక ఎవడు నవ్వుతాడో చూద్దామనుకున్నాడు.

అప్పలమ్మ ఇసకలో పట్టా పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబెడుతోంది.

“ఏట్రా తమ్ముడూ, ఈయేలప్పుడు వొచ్చినావు?”

“సెయ్యి తుడుసుకో అప్పా. ఒకటి సూపిత్తాను.”

వాచీ ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె డయలు చూడలేదు. బోర్లించి బొటనవేలితో తోకని, చుక్కని తడిమింది.

“సముద్రం ఇచ్చీసిందేట్రా?”

“సముద్రం కాదప్పా. కాశీబుగ్గ కొట్లో ఉంది. బావ బాగుకిచ్చినాడు, తెచ్చుకోడానికి ఎల్లనేదు. మూత తీసి సూసినాను. ఉప్పు సుక్క తగల్నేదు. ఆ దినం బావ సేతికి వాచీ నేదు. ఊరోళ్ళు అన్నదంతా అబద్ధం.”

అప్ప మొహం తేటపడుతుందని ఎదురుచూశాడు. అప్పలమ్మ వాచీ కేసి చూస్తూనే ఉంది.

“వాచీ నేదా?”

“నేదప్పా.”

“మరి సెయ్యెందుకెత్తినాడురా?”

ఎగతాళి అబద్ధమని తేలిందన్న సంబరమే తప్ప, ఆ చెయ్యి మరెందుకు లేచిందో రామూర్తి దారి పొడుగునా ఒక్కసారీ ఆలోచించలేదు.

“నానూ ఒడ్డునే ఉన్నాను. ఎవులో వాచీ అన్నారు, నానూ అదే అనుకున్నాను. ఇంత కట్టంలో కూడా ఈ మడిసికి వాచీయేనా అని కోపం కూడా ఒచ్చినాది నాకు” అంది అప్పలమ్మ. వాచీని పిడికిట్లో బిగించి భోరుమంది. “పిలిసినాడ్రా. నన్ను పిలిసినాడు.”

భర్త పోయిన రోజు కూడా ఆమె అంతలా ఏడ్చిందో లేదో అతనికి తెలియదు. తను మోసుకొచ్చింది ఊరట అనుకున్నాడు రామూర్తి. ఈ బరువు కూడా దానిలోనే ఉందని భూతద్దానికి కనపడలేదు. తీసుకురాకుండా ఉండాల్సిందేమో అనిపించి, ఆ మాట కూడా అన్నాడు.

“తప్పు. నీవు తెచ్చీసినావు కాబట్టి ఆ పిలుపు ఇన్నాను. ఇన్నేళ్ళకైనా ఇన్నాను” అంది ఆమె.

కొత్త సెల్లు వేయిస్తానన్నా ఒప్పుకోలేదు. బెల్టు చివికిపోతే వలతాడుతో చేతికి కట్టుకుంది. సామెత అనబోయిన వాళ్ళకి ఆ చెయ్యి చాపి చూపిస్తుంది, ఏమీ చెప్పదు. ఊళ్ళో ఆ మాట తగ్గిపోయింది.

ఇప్పుడు పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి ఎంత పనున్నా అప్పలమ్మ రేవులోనే ఉంటుంది. కుర్రాళ్ళు పడవ మీంచి ఊరికే, సరదాకి చెయ్యెత్తుతారు. ఎవరు ఎత్తినా సరే, ఆమె వెంటనే తన చెయ్యి పైకెత్తుతుంది. ఆ పడవ ఇసక తగిలేదాకా దించదు.