పురుగులతో చెరువు నిలబెట్టిన మా అత్త

మొన్న ఆదివారం ప్రార్థన ముగియకముందే మా మేనత్త పోయిందని కబురొచ్చింది. గన్నవరం చుట్టుపక్కల ఆవిణ్ణి 'పురుగులామె' అనేవాళ్ళు. వెక్కిరింపుగా పెట్టిన పేరది. నేను గర్వంగా రాస్తున్నాను.

పంచాయతీ చెరువు వేలంపాట మా పేటకు మొదటిసారి దక్కిన ఏడు, ఊరి కామందు తన మిల్లు తవుడు మాకు అమ్మనన్నాడు. మేత లేకపోతే చేప ఎదగదు. ఎదగకపోతే పాట డబ్బు కట్టలేం, చెరువు మళ్ళీ ఆయనదే. మగవాళ్ళంతా తలలు పట్టుక్కూర్చున్నారు. అత్త తాటాకు బుట్టలు వదులుగా అల్లి, సంతలో పారేసిన చేపల పేగులు, పేడ కూరి, నీళ్ళ మీదికి వంచిన వెదుళ్ళకు కట్టింది. ఈగలు ముసిరాయి. పురుగులు పట్టి నీళ్ళలో రాలుతుంటే బొచ్చె చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయి. నేను ముక్కు మూసుకుంటే, "చేపకి లేని రోత నీకెందుకురా?" అనేది. సాయంత్రం కుంకుడు నురగతో మోచేతుల దాకా రుద్దుకుని, నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమనేది.

వల వేసిన రోజు మొదటి చేప కామందు ఇంటికి పోవాలి. పాట ఎవరిదైనా అదే వాడుక. తవుడివ్వని మనిషికి చేపెందుకని నాకు ఒళ్ళు మండింది. పెద్దవాళ్ళు వినలేదు, మోసుకెళ్ళారు. పురుగులు తిన్నది మాకొద్దని ఆ ఇంటివాళ్ళు గుమ్మంలోంచే తిప్పి పంపారు. ఆ మాట విని, కొనడానికొచ్చినవాళ్ళు గట్టు మీదే ఆగిపోయారు. మా ఏడాది కష్టం అక్కడే ఎండుతోంది.

అత్త ఆ చేపను చేతుల్లోకి తీసుకుంది.

"ఆళ్ళు తినకపోతే ఇది చేప కాకుండా పోద్దా? కత్తిపీట తెండి."

"పురుగులండీ మరి," అని బేరగాడొకాయన నసిగాడు.

"ఆయ్, పురుగులేనండి. మీ పెరట్లో కోడి ఏం తింటందంటారు?"

ఆవిడకు ఎవరూ సన్మానం చెయ్యలేదు. అక్కర్లేదు. ఆనాటి నుంచి మొదటి చేప గట్టు దాటలేదు, వల లాగినవాళ్ళే వండుకు తింటున్నారు. చెరువు ఇప్పటికీ మా పేటదే.

ఆ రోజు గట్టు మీదే మూడు రాళ్ళు పెట్టి పులుసు కాచింది. మేమంతా బెరుగ్గా చూస్తుంటే, దారికెదురుగా బాసింపట్టు వేసుక్కూచుని తలకాయ ముక్క తీరిగ్గా చీకింది. మోచేతికి కారిన పులుసు తుడుచుకోకుండానే ఇంకో అరిటాకు పరిచి, అన్నం పెట్టి, బేరగాడి వైపు జరిపింది. ఆయన అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, ఆవిడ పక్కన కూర్చున్నాడు.