ఇన్సాఫ్ ఎక్కిన కాలేజీ బస్సు

మిన్యా పట్నంలో కాథలిక్ ఫాదర్లు నడిపే కాలేజీ ఆ ఏడు నర్సింగ్ విభాగం తెరిచింది, మొదటిసారిగా ఆడపిల్లల్నీ చేర్చుకుంది. పల్లెల నుంచి వాళ్లను తీసుకురావడానికి పాత బస్సొకటి కొని, వదీ అనే అతన్ని డ్రైవరుగా పెట్టారు. బస్సయితే వచ్చింది గానీ ఎక్కేవాళ్లు లేరు.

చెరకుతోటల అవతలి ఊళ్లో హాగ్ రుష్దీ అనే పెద్దమనిషి వదీ మొహం మీదే చెప్పాడు. "నువ్వు మంచోడివే, కాదనను. అయినా మగాడు నడిపే బస్సులో మా అమ్మాయి నష్వాను పంపను. మీ ఆవిడ కూడా కూర్చుంటానంటే అప్పుడు చూద్దాం."

వదీ ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి అతని భార్య ఇన్సాఫ్ రొట్టెల పిండి పిసుకుతోంది. ఆమెకు యాభై రెండేళ్లు. బడి మొహం చూడలేదు. పెళ్లయ్యాక పట్నం వెళ్లింది మూడుసార్లు, మూడూ చావులకే. పెద్దకొడుకు పేరుతో ఊరంతా ఆమెను ఉమ్ జిర్జిస్ అంటారు, జిర్జిస్ తల్లి అని.

"నేనా? రోజూనా? కోళ్లకు మేత ఎవరు వేస్తారు?"

"కోళ్ల సంగతి నేను చూస్తాలే. పిల్లలు రాకపోతే నా ఉద్యోగం ఉండదే."

"ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి పట్నం తీసుకెళ్లమంటే ఎండగా ఉందన్నావు. ఇప్పుడు రోజూ తిప్పుతావా?" అంటూనే ఆమె చేతులు కడుక్కుంది.

డ్రైవరు పక్క సీట్లో నల్ల ముసుగేసుకుని కూర్చున్న ఆమెను చూశాక తండ్రులు మెత్తబడ్డారు. మొదటి వారం నలుగురు ఎక్కారు. శీతకాలానికి పందొమ్మిది మందయ్యారు, అందులో నష్వా కూడా ఉంది. అందరూ ఆమెను పిన్నీ అనేవాళ్లు.

బస్సు ఎనిమిదింటికి కాలేజీ చేరితే మళ్లీ బయల్దేరేది రెండింటికి. అందాకా ఆమె ఆవరణలో బెంచీ మీద కూర్చుని చిక్కుళ్లు వలుచుకునేది. నర్సింగ్ చెప్పే సిస్టర్ ఫెరియాల్ అది గమనించింది.

"ఊరికే కూర్చున్నావు గదా ఉమ్ జిర్జిస్, నీ చెయ్యి కాసేపు మాకు అరువియ్యి. పిల్లలు బీపీ చూడటం నేర్చుకోవాలి."

నష్వా పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసి, మళ్లీ గాలి కొట్టింది. "నూట తొంభై," అంది చివరికి. పక్కనున్న పిల్లలు నవ్వారు. "గొట్టం తిరగేసి పెట్టుంటావు."

సిస్టర్ మిషను మార్చి తానే చూసింది. అంకె తగ్గలేదు.

"ఏంటర్రా, పాసా ఫెయిలా?" అంది ఇన్సాఫ్.

"పిన్నీ, మీకు తలనొప్పి వస్తుంటుందా?" అంది నష్వా.

"రాకుండా ఎవరికుంటుందే?"

ఆ మధ్యాహ్నమే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మందులు రాసి, ఊరగాయలూ, మిష్ అనే ఉప్పటి జున్నూ మానేయమన్నాడు. జున్ను మాట వినగానే ఆమె మొహం ముడుచుకుంది. లేవబోతూ ఒక్క మాట అడిగింది.

"మా అక్క రొట్టెల పొయ్యి దగ్గర కూలిపోయి, అక్కడే పోయింది. దిష్టి అన్నారు. ఇదేనా?"

"ఇదే అయ్యుండొచ్చమ్మా," అన్నాడు డాక్టరు.

వారం తర్వాత సిస్టర్ దగ్గరికి తనే వెళ్లింది.

"మా ఊళ్లో నా ఈడు ఆడవాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. బస్సు వాళ్ల గుమ్మాల ముందు నుంచే పోతుంది. పిల్లల్ని దింపేటప్పుడు ఆ మిషన్నీ దింపితే ఏం పోతుంది?"

అప్పటి నుంచి ప్రతి గురువారం బస్సు ఒక ఊళ్లో గంటసేపు ఆగేది. తెల్లకోట్ల పిల్లలు పిలిస్తే తలుపులు తెరుచుకోలేదు. ఇన్సాఫ్ పిలిస్తే తెరుచుకున్నాయి. అందరికంటే ముందు ఆమే చెయ్యి చాపి కూర్చునేది. "చూడండి, నొప్పేం లేదు. మా అక్కకు ఇది చూసినవాళ్లు లేరు," అనేది. ఈస్టరు నాటికి ఆరువందల పైచిలుకు మందిని చూశారు. డెబ్భై ఒక్కరిని డాక్టరు దగ్గరికి పంపారు.

ఏడాది చివర బిషప్ ముందు ప్రిన్సిపల్ ఫాదర్ నివేదిక చదివారు. విద్యార్థులు మూడొందల నుంచి నాలుగువందల యాభైకి పెరిగారు. కొత్త ప్రయోగశాల వచ్చింది. నర్సింగ్‌లో అందరూ పాసయ్యారు. పల్లెల్లో ఆరువందల నలభై మందికి ఆరోగ్య పరీక్షలు జరిగాయి. నివేదికలో ఇన్సాఫ్ పేరు లేదు, ఉంటుందని ఆమె అనుకోనూ లేదు. గోడవార కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టింది. కాకపోతే సభ అయ్యాక సిస్టర్‌ను పక్కకు పిలిచి, "ఆరువందల నలభై మూడు. చివరి ఊళ్లో బస్సు కదిలాక ముగ్గురు పరిగెత్తుకొచ్చారు, మరిచారా?" అంది.

సిస్టర్ కాగితం మీద దిద్దుకుంది. సెప్టెంబరులో రెండో బస్సు వస్తుందనీ, దాంట్లో కూర్చోడానికి ఇంకో మనిషి కావాలనీ చెప్పింది.

"మా ఆడపడుచు సురయ్యా ఉంది," అంది ఇన్సాఫ్. "నోరు కాస్త ఎక్కువ. అయినా ఆమె తలుపు కొడితే తియ్యనివాళ్లుండరు."

"ఆవిడకు బీపీ చూశారా?"

"చూడనివ్వలేదు. ఆదివారం చూడండి, నేను పట్టుకుంటాను."