మొద్దుబారిన మూడు వేళ్లు

ఇటిక్యాల పక్క, విత్తనం కోసం పెంచే సీడు పత్తి చేన్లలో మధ్యాహ్నం పని మొగ్గలు ఒలవడం. రేపు విచ్చుకునే మొగ్గను బొటనవేలి గోరుతో చీరి, రేకులతోపాటు పుప్పొడి గింజలన్నీ తీసేయాలి. నడుమ సన్నటి కాడ మిగలాలి. మర్నాడు పొద్దున దానికి మగ మొక్క పువ్వు రాస్తారు. ఆ గింజలు మిగిలితే సొంత పుప్పొడే తగిలి విత్తనం చెడుతుంది.

జమ్ములమ్మ మొగ్గ వైపు చూసేది కాదు. వేలు ఒకసారి తిప్పితే, మిగిలిన గింజ ఇసుకలా తగిలేది. చెవులు తోటి ఆడవాళ్ల మాటల మీద ఉండేవి. భర్త యేసయ్య పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేదు. ఆమె మాట్లాడేదంతా ఆ సాళ్లలోనే.

ఈ ఏడు బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ మొద్దుబారాయి. గద్వాల దవాఖానలో డాక్టర్ కళ్లు మూసుకోమని, గరుకు కాగితం, నున్నటి కాగితం వేళ్ల కింద పెట్టాడు.

"ఊరికె ఆనిస్తే తెల్వదమ్మా, వేలు జరుపు. వేలిముద్ర గీతలు గరుకు మీద అదురుతయి. నరం ఆ అదురునే మోస్తది."

జరిపింది. రెండూ ఒకటే. చిటికెన వేలికి మాత్రం తేడా తెలిసింది; దాని నరం వేరట. మణికట్టులో నలిగిన నరానికి ఆపరేషన్ చెయ్యాలన్నాడు.

"పత్తి అయినంక వస్త సారూ."

చేన్లో ఎవరికీ చెప్పలేదు. దగ్గరి చూపు ఆనక, ఒలిచిన ప్రతి మొగ్గనూ చిటికెన వేలితో తడిమేది. అందరూ సాలు చివరికి చేరితే ఆమె సగంలో ఉండేది.

"ఏందక్కా, మొగ్గలకు పేర్లు పెడుతున్నవా?" ముందు నుంచి తిమ్మమ్మ అరిచింది. అందరూ నవ్వారు. జమ్ములమ్మ తలెత్తేలోపు వాళ్లు వేరే మాటలో పడ్డారు. అదేమిటో ఆమెకు వినపడలేదు.

మర్నాడు తడమడం మానేసి వాళ్లతో సమానంగా నడిచింది. తిమ్మమ్మ కోడలి సంగతంతా విన్నది, మధ్యలో రెండు మాటలు తనవీ కలిపింది.

తెల్లారి చేను యజమానురాలు అమృతమ్మ ఆమె ఒలిచిన సాలు చూసింది. కాడల మొదట్లో పచ్చగా గింజలు.

"చేతికేమైంది జమ్ములమ్మా?"

"ఏం కాలేదమ్మా."

అమృతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వేలికొనను గోరుతో నొక్కింది. జమ్ములమ్మ ముఖంలో మార్పు లేదు.

"రేపటి సంది మగపూలు తెంపు. కూలి అంతే ఇస్త."

"వీళ్లతోనే ఉంటనమ్మా. మెల్లగ చేస్త."

"మెల్లగ చేస్తే పూలు ఆగుతయా?"

మగ మొక్కల మడి గట్టు అవతల వేరుగా ఉంటుంది. పూలు తెంపడానికి ఒక్క మనిషి చాలు. పొద్దెక్కేలోపు పని అయిపోతుంది. ఆ తరువాత ఇంటికి పోవచ్చు. జమ్ములమ్మ పోవడం లేదు. ఎవరూ అడగకపోయినా ఆ మడిలో, ఆడవాళ్ల మాటలు వినపడే గట్టు వారన కలుపు తీస్తూ కూర్చుంటోంది.