బొగ్గు బస్సుకు మంట కుదిరిన పొద్దు

ఉదయం తొమ్మిదీ ఇరవైకి బొగ్గు బస్సు పరీక్ష మంట నాలుగోసారి ఆరిపోయింది. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదుకు ఇవాళ ఉన్నది ఆ ఒక్క బస్సే. పోలీసు చర్య తర్వాత ఈ దారిలో బస్సులు మళ్లీ తిరుగుతున్నాయని విని, ఎలా నడుస్తున్నాయో చూసి పత్రికకు రాద్దామని నిన్న వచ్చాను. తిరుగు బస్సు ఎనిమిదిన్నరకు కదలాలి. టికెట్టు పది అణాలు, నిజాం నాణెం హాలీ సిక్కాలో.

పెట్రోలు దొరకక బస్సు వెనక బొగ్గు పొయ్యి బిగించారు. అందులో పుట్టే గ్యాసే ఇంజను నడుపుతుంది. బయలుదేరే ముందు చేతి పంకా తిప్పి, గ్యాసును ఒక గొట్టంలోంచి బయటికి లాగి, మూతి దగ్గర అంటిస్తారు. మంట నిలిస్తేనే గ్యాసు పనికొచ్చినట్టు. పంకా తిప్పడం ఇక్కడ ప్రయాణికుల వంతు. ఎవరికి తొందరుంటే వాళ్లే ముందు తిప్పాలి.

ఇవాళ తొందర బాలమణిది. వాళ్లది చెరువులో చేపలు పట్టే కుటుంబం. కమ్యూనిస్టుల సాయుధ దళానికి అన్నం పెట్టాడని పట్టుకెళ్లిన ఆమె భర్త నగరంలో జైల్లో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఇంటివాళ్లెవరైనా వచ్చి పూచీ పడే జమానతు కాగితం మీద వేలిముద్ర వేస్తే విడుదల. లేకపోతే మరో నెల లోపలే.

ఆమె రెండు చేతులా తిప్పింది. మంట గిర్రున లేచి, బొంగరంలా ఊగి, మూతి వదిలి ఎగిరి ఆరింది.

"గట్ల ఉరికిస్తే మంట గూడ ఉరుకుతది అక్కా," అన్నాడు డ్రైవర్ యాదగిరి.

"నీకేం ఫికర్? మా ఇంటాయన బయటుంటే నేను గూడ నిమ్మళంగనే తిప్పుతుంటి."

మూట మీద కూర్చున్న ముసలాయన నవ్వాడు. "ఇసుర్రాయి గూడ ఇట్లనే తిప్పుతవా బిడ్డా? మీ ఇంట్ల పిండి గాదు, అంతా రవ్వనే."

యాదగిరి నాకు గొట్టం మూతి చూపించాడు. గ్యాసు సుడి తిరుగుతూ వస్తుంది. సుడి నడుమ వేడి కొంత వెనక్కి దిగి, కొత్తగా వచ్చే గ్యాసును అంటిస్తూ ఉంటుంది. తిప్పుడు సమంగా లేకపోతే ఆ నడుమ చెదురుతుంది. వేగం మించితే మంట మూతినే వదిలేస్తుంది.

బాలమణి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఈసారి ఒక్క చేత్తో, తిరగలి విసురుతున్నట్టే తిప్పింది. పది నిమిషాలకు మంట కిందికి దిగి, నీలంగా మూతిని పట్టుకుంది.

"అవ్, కూసుంది," అన్నాడు యాదగిరి. "ఎక్కుండ్రి."

తొమ్మిదీ నలభైకి కదిలాం. తుర్కయంజాల్ దగ్గర నీళ్లకు ఆగాం. ఎత్తు వచ్చినచోట మగవాళ్లం దిగి నడిచాం. సరూర్‌నగర్ చెరువు దాటేసరికి పన్నెండు.

ఏళ్లుగా వార్తల కోసం పరుగెత్తినవాణ్ని. ఇవాళ ఒక మంట కుదురుకునేదాకా ఊరికే నిలబడ్డాను. ఆ సమయం వృథా అనిపించలేదు. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒకే మాట: పంకా మీ చేతికొస్తే ఎంత ఆలస్యమైనా ఒకే వేగంతో తిప్పండి.

ఇది రాస్తున్నప్పుడు ఒంటిగంట దాటింది. జైలు గేటు ముందు వరుసలో బాలమణి రెండో మనిషి. కాగితాలు రెండింటికి తెస్తారు. ఇబ్రహీంపట్నం బస్సు నాలుగున్నరకు. యాదగిరి ముందు సీట్లో ఇద్దరికి చోటు ఆపాడు.