సారు పేపర్లో నా కాలు

పెద్ద సారు పోయారని సూర్యాపేట నుంచి ఆయన కంపౌండరు ఫోన్ చేసినప్పుడు నేను కోదాడలో మా ఇంట్లో మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని టీ తాగుతున్నాను. వార్త వినగానే చేసిన మొదటి పని, ఎడమ కాలు ఎత్తి ఎదుటి కుర్చీ మీద పెట్టుకోవడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

సారు రక్తనాళాల సర్జన్. నేను లెక్కల పంతుల్ని. ముప్పై ఏళ్ళు బోర్డు ముందు నిలబడీ నిలబడీ కాలి నరాలు ఉబ్బి, చీలమండ దగ్గర పుండు పడింది. ఎంతకూ మానలేదు. కాలు తీసేస్తారేమోనని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్ చేసి, రోజూ కాలికి బిగుతు పట్టీ కట్టుకోమని, కూర్చున్నప్పుడల్లా కాలు ఎత్తి పెట్టుకోమన్నారు. పెద్దల ముందు ఎట్లా సార్ అంటే, "పెద్దలు మాన్పుతరా నీ పుండు?" అన్నారు.

మనుషుల్ని ఆయన కాళ్ళను బట్టే గుర్తుపట్టేవారు. బజారులో నమస్కారం పెడితే ముందు కిందికి చూసి, అప్పుడు "ఓ, పంతులా" అనేవారు. ఒక పెళ్ళి నుంచి వచ్చాక పెళ్ళికూతురు ఎట్లుందని భార్య అడిగితే, నరాలు బాగున్నాయన్నారట.

ఆయనకు పరిశోధన పిచ్చి. నాట్లేసే ఆడవాళ్ళు, ధాబా వంటవాళ్ళు, మాలాంటి పంతుళ్ళు, ఇలా నిలబడి బతికే వాళ్ళ కాళ్ళ మీద పేపర్లు రాసి విదేశీ పత్రికలకు పంపేవారు. ఒకదాంట్లో నా కాలి ఫొటో పడింది. పేరు వేయలేదు. అయినా నేను ఆ పేజీ జిరాక్స్ తీసి స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. తన పేపర్‌ను ఎవరైనా తమ పేపర్లో ఉదహరిస్తే సారు మిఠాయి పంచేవారు. ఒకసారి పంచాక తెలిసింది, ఉదహరించింది ఆయనే, తన తర్వాతి పేపర్లో. ఇంకోసారి ఎవరో విదేశీ డాక్టరు సారు పద్ధతే తప్పని రాశాడు. దానికీ పంచారు. తిట్టాలన్నా చదవాలి కదా అని ఆయన వాదన.

ఆపరేషనైన ఐదేళ్ళకు ప్రతి పేషెంటు కాలూ మళ్ళీ చూసి రాయాలన్నది ఆయన పెద్ద పేపర్. రానివాళ్ళను "జాడ తెలియలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయొచ్చట. ఈయన వదల్లేదు. టేపు, రిజిస్టరు పట్టుకుని మునగాల, అనంతగిరి, నిడమనూరు తిరిగారు. మునగాలలో ఒక వంటమనిషిని పొయ్యి పక్కనే స్టూలెక్కించి కొలిచారు. ఆ పూట ధాబాలో రొట్టెలన్నీ మాడిపోయాయి. చివరికి ఒక్కరు మిగిలారు. అది నేను.

పట్టీ కట్టుకోవడం మానేశాను, పుండు మళ్ళీ పడింది. తిడతారని భయపడి కంపౌండరు ఫోన్లు ఎత్తలేదు. మిర్యాలగూడలో మేనకోడలి పెళ్ళిలో బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటుంటే ఎవరో నా పంచె పైకి లాగారు. బల్ల కింద సారు, చేతిలో టేపు. మా ఆవిడే ఆచూకీ చెప్పిందట. కొత్త వియ్యంకులు చూస్తుండగానే కొలిచారు. నేను సిగ్గుతో చచ్చి, జాడ తెలియలేదని రాస్తే పోయేది కదా సార్ అన్నాను.

"బతికున్న మనిషి జాడ లేదని ఎట్ల రాస్త పంతులూ? గీడనే ఉన్నవ్ గద."

పేపర్లో నా కాలు "మానలేదు" అన్న గడిలో పడింది. ఆయన ఫలితం ఆ మేరకు తగ్గింది. అయినా ఉన్నదే రాశారు. తర్వాత నా పుండు మళ్ళీ మాన్పారు. ఇవాళ రెండు కాళ్ళ మీద నడుస్తున్నానంటే ఆయన దయే. ఆ పేపర్‌ను ఉదహరించినవాళ్ళు మాత్రం పెద్దగా లేరని ఆయనే నవ్వుతూ చెప్పారు.

నేను సూర్యాపేట వెళ్ళేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. సారు అద్దాల పెట్టెలో ఉన్నారు. ఎదురుగా కుర్చీల్లో అందరూ ఆయన పేషెంట్లే, ఒక్కొక్కరూ ఒక కాలు ముందు కుర్చీ మీద చాపుకుని కూర్చున్నారు. పట్నం నుంచి వచ్చిన బంధువొకాయన, శవం ముందు కాళ్ళు చాపుతారా, మర్యాద లేదా అని కోప్పడ్డాడు. ఒకరిద్దరు దించబోయారు. సారు భార్య తలెత్తారు.

"దించకుండ్రి. దించితే ఆయన లేసి తిడ్తడు."

దించిన కాళ్ళు మళ్ళీ పైకి లేచాయి. నేనూ కూర్చుని నా కాలు ఎత్తి పెట్టుకున్నాను. కంపౌండరు అలవాటు కొద్దీ వరసలన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. అందరూ వచ్చారు సార్ అన్నాడు, నాతో కాదు, ఆ పెట్టెతో. బురద ఆరని పాదాలు, పగిలిన మడమలు, పట్టీ కట్టిన నా ఎడమ కాలు, అన్నీ ఆయనకు ఎదురుగా.