మా పడవలో మూడో వాటా

యాభైకి దగ్గరపడేదాకా నేను గోదావరిని దాటడమే తప్ప గోదావరి మీద తిరిగింది లేదు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల ముక్తేశ్వరం వైపు దిగడం చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ పంటు మీద నిలబడ్డ మనిషికి అవతలి ఒడ్డే కనిపిస్తుంది. దిగగానే ఆటో దొరుకుతుందా, పెళ్ళివారు టిఫిన్లు తీసేశారా, ఇదే ధ్యాస. మధ్యలో కనిపించే లంకలు, వాటి వెనక నుంచి మలుపు తిరిగే పాయలు ఎటు పోతాయో ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. రామచంద్రపురంలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. చేప మొప్పలు ఎలా పనిచేస్తాయో బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను. ఆ చేప బతికే నీళ్ళ మీద ఒక గంట ఊరికే కూర్చున్న పాపాన పోలేదు.

ఒకరోజు పంటు కోసం ఎదురుచూస్తూ, తిప్పి తీసుకురావడానికి చిన్న పడవ ఎవరైనా అద్దెకిస్తారా అని టీ కొట్టు ఆయన్ని అడిగాను. ఎక్కడికి వెళ్ళాలండి అన్నాడు. ఎక్కడికీ కాదు, ఊరికే అన్నాను. ఆయన టీ వడకడుతూ నా వంక కొంచెం జాలిగా చూశాడు. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఇంకొకాయన మాత్రం ఇటు తిరిగారు. తాళ్ళరేవు వైపు రొయ్యల చెరువులు చేస్తారట. పొద్దస్తమానం నీళ్ళ గట్టు మీదే ఉంటాను కానీ అవి పని నీళ్ళండి, చూస్తే బెంగే తప్ప హాయి ఉండదు అన్నారు. మూతపడ్డ ఒక రిసార్టులో చిన్న ఫైబర్ పడవ, ఇంజనుతో సహా, బోర్లా పడి ఉందట. బేరం కూడా అడిగి వచ్చారు. ఒక్కరూ కొనడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. నెలకి నాలుగుసార్లు తిరగడానికి సొంత పడవ ఏంటండీ అని వాళ్ళావిడ అడిగితే ఈయన దగ్గర జవాబు లేదు.

"మీరు కలిస్తే జవాబు దొరుకుతుందండి," అన్నారు. "నలుగురం కలిసి ఆటో మాట్లాడుకోమా? ఇదీ అంతే."

తీరా చూస్తే అది ఇద్దరికీ బరువే. మూడో మనిషి కావాలి. స్టాఫ్ రూములో అడిగితే నవ్వులాటయిపోయింది. మావారికి నీళ్ళంటే భయం. తనకి వాటా వద్దన్నారు గానీ నన్ను మాత్రం ఆపలేదు. మాట ఎలా పాకిందో తెలియదు, కొన్నాళ్ళకి ద్రాక్షారామం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. లంకల్లో, ఏజెన్సీ కొండల్లో పనిచేసి రిటైరైన నర్సు. ఒంటరిగా ఉంటారు. పడవలో ఒక వాటా మిగిలిందటగా, ఎవరికైనా ఇచ్చేశారా అని, అమ్మకానికున్న గేదె గురించి అడిగినంత మామూలుగా అడిగారు.

ఆవిడ ఇంటి వరండాలోనే ఒప్పందం కుదిరింది. ఎవరు తిరిగితే వాళ్ళే పెట్రోలు పోయించాలి. పడవ కడిగి అప్పగించాలి. లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరూ ఎక్కకూడదు. ఇవన్నీ చెరువులాయన చెబుతుంటే మేమిద్దరం తలలూపాం. రోజుల దగ్గరే చిక్కొచ్చింది. ఆయనకీ నాకూ కూడా ఆదివారమే కావాలి. చివరికి వంతులు వేసుకున్నాం. నర్సమ్మగారు కాఫీ గ్లాసులు తీస్తూ, నాకు వారాలతో పని లేదమ్మా, పోటు పాట్లతోనే పని, నెలకి రెండు మూడు రోజులు నేను అడిగినప్పుడు ఇవ్వండి చాలు అన్నారు. సముద్రం పోటెత్తితే మా వైపు గోదావరిలో కూడా నీళ్ళు లేస్తాయి, పాటుకి దిగిపోతాయి. అది తెలుసు. షికారుకి వెళ్ళే మనిషికి దానితో పనేమిటన్నదే అర్థం కాలేదు.

కాగితాలు, అనుమతులు అయ్యాక కార్తీకంలో పడవ నీళ్ళలో దిగింది. తాడు లాగి ఇంజను స్టార్ట్ చేయడం చెరువులాయనే నేర్పారు. నాకు భుజం పట్టేసింది కానీ ఇంజను పట్టుకోలేదు. నర్సమ్మగారు చీర చెంగు దోపుకుని ఒక్క లాగు లాగితే అందుకుంది. చిన్నప్పుడు తెడ్డు వేసిన చెయ్యి కదమ్మా అన్నారు.

ఒక వస్తువు ముగ్గురిదైతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. మేం కలుసుకునేది తక్కువ. "పడవ" అని పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో, కట్టేశాను, తాళం యథాస్థానంలో ఉంది అని మెసేజీలు పెట్టుకోవడమే. అయినా ఒకరి సంగతులు ఒకరికి తెలిసిపోతుండేవి. ఆయన తిరిగిన మర్నాడు బల్ల కింద వేరుశెనగ తొక్కలుండేవి. నేను నీళ్ళు పట్టి మైక్రోస్కోపు కింద చూసుకునే సీసాలు మరిచిపోతే, ఆయన మందు సీసాలనుకుని భయపడ్డారట. నర్సమ్మగారు తిరిగొచ్చిన రోజున మాత్రం పడవ ఎంత కడిగినా మూలల్లో ఇసుక ఉండేది. రేవు ఇసుక కాదు, మెత్తగా, తెల్లగా ఉండేది. పెట్రోలు కూడా మా ఇద్దరికంటే ఆవిడే ఎక్కువ పోయించేవారు. ఆ వయసులో ఒక్కరూ అంత దూరం ఎటు వెళ్తున్నట్టు? చెరువులాయన ఏదో మొక్కు ఉండి ఉంటుందన్నారు. నాకు నమ్మకం కలగలేదు. మొక్కున్న మనిషి తిరిగొచ్చేటప్పుడు ప్రసాదం తెస్తుంది, ఇసుక కాదు.

ఉండబట్టలేక ఫిబ్రవరిలో అడిగేశాను. నన్నూ ఒకసారి తీసుకెళ్తారా అని. ఎందుకనైనా అడగలేదు, శనివారం పొద్దున్నే వచ్చెయ్యమన్నారు.

కోటిపల్లి రేవు వెనకబడ్డాక గౌతమి చాలా వెడల్పయింది. ఆవిడే చుక్కాని పట్టుకున్నారు. కొంతదూరం పోయాక ఒకచోట ఇంజను ఆపేసి, పడవని అలా వదిలేశారు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదు. మా ఊరు ఇక్కడ ఉండేదమ్మా అన్నారు.

లంక ఊరట. ఒక్కో వరదకీ ఒక్కో ముక్క కోసుకుపోయింది. ముందు కొబ్బరి వరస, తరవాత బడి, ఆ తరవాత పశువుల పాకలు. వీళ్ళ ఇంటి వంతు వచ్చేసరికి ఆవిడ ఎక్కడో కొండల్లో డ్యూటీలో ఉన్నారు. సెలవు పెట్టి వచ్చేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. ఊరివాళ్ళు రెండు ఒడ్లకీ చెదిరిపోయారు. ఇదంతా ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. నేనే నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. ఇక్కడికొచ్చి కాసేపు కూర్చుని వెళ్తున్నారన్నమాట అనుకున్నాను. అంతలో ఆవిడ మళ్ళీ తాడు లాగి పడవని కిందికి, సముద్రం వైపు పోనిచ్చారు.

"అందరూ పోయింది పోయింది అంటారు. మట్టి ఎక్కడికి పోతుందమ్మా? గోదావరి దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టే ఉంటుంది కదా. ఎక్కడ పెట్టిందా అని వెతుకుతున్నాను."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. తప్పిపోయిన దూడని వెతికే మనిషిలాగే ఉన్నారు. అంతకుముందు నాకున్న కుతూహలం ఆవిడ ఎక్కడికి వెళ్తున్నారన్నది. ఆ మాట విన్నాక అది ఆవిడ వెతికే దాని మీదికి మళ్ళింది.

ఇంకా కిందికి పోయాక కొత్తగా లేచిన ఇసుక మేట ఒకటి కనిపించింది. వీటి అంచులు, ఇంకా ఎత్తు పెరగని మేటలు పాటు తీస్తుంటేనే బయటపడతాయి, పోటు మీద వస్తే కనబడవు. అందుకే ఆవిడకి పోటు పాట్లతో పని. దిగి నడిచాం. మూలల్లో దొరికే ఆ తెల్లటి ఇసుకే. ఒక చివర కర్రలు పాతి, గుంటలు తీసి, భార్యాభర్తలిద్దరు పుచ్చ పాదులకి నీళ్ళు పోస్తున్నారు. నర్సమ్మగారు వాళ్ళని ఈ మేట ఎప్పుడు లేచింది, ఏ వైపు పెరుగుతోంది అని అడిగారు. అడిగి, బహుశా ఇది మా ఊరి మట్టేనయ్యా అన్నారు.

ఆ రైతు చేతిలో బిందె అలాగే ఆగిపోయింది. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"పట్టాలేమైనా ఉన్నాయాండి మీకు?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆవిడకి సంగతి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యో, అడగడానికి రాలేదు నాయనా, చూడటానికి వచ్చాను అని చెప్పారు. అతనికి నమ్మకం కుదరలేదు. చూడటానికి ఇంత దూరం ఎవరొస్తారన్నట్టు నా వంక చూశాడు. నేను కాలేజీలో పాఠాలు చెబుతాననీ, ఇద్దరం ఊరికే తిరుగుతున్నామనీ చెప్పాక అతని అనుమానం ఇంకా పెరిగింది. చివరికి నర్సమ్మగారు కింద కూర్చుని పాదుకి ఎండిన ఆకులు గిల్లుతూ, తీగ ఎటు పాకించాలో అతని భార్యతో మాటల్లో పడితేగానీ పరిస్థితి చల్లబడలేదు.

ఆ మాటల్లో మేం పడవ సంగతి మరిచిపోయాం. తిరిగొచ్చేసరికి నీళ్ళు దిగిపోయి అది ఇసుక మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. నలుగురం నెట్టినా కదల్లేదు. నాకు గాభరా పుట్టి చెరువులాయనకి ఫోన్ చేసి, కొంచెం వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళమన్నాను.

"రావడానికేమండి, వస్తాను. కానీ దేంట్లో రాను? ఉన్న ఒక్క పడవా మీ దగ్గరే ఉందిగా."

నర్సమ్మగారు ఇసుకలో చతికిలబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. పోటు వస్తే అదే లేస్తుందిలెండి అని రైతు ధైర్యం చెప్పాడు. పట్టా లేనివాళ్ళమని అప్పటికి నిశ్చయమైనట్టుంది, ఒక పుచ్చకాయ పగలగొట్టి పెట్టాడు. ఎండ వాలేదాకా ఆ మేట అంతా తిరిగాం. ఒకవైపు గట్టు విరిగి పొరలు కనిపిస్తున్నాయి, తెల్ల ఇసుక, నల్ల ఒండ్రు, మళ్ళీ ఇసుక. ఆవిడ నల్ల పొర దగ్గర చాలాసేపు నిలబడి, చిటికెడు నలిపి వాసన చూశారు. మీ ఊరిదేనా అన్నాను. ఏమో, గుర్తుపట్టలేకపోతున్నాను, ఇందులో ఎన్ని ఊళ్ళు కలిసిపోయాయో అన్నారు. తెలియలేదన్న బాధ ఆవిడలో కనిపించలేదు. తెలుసుకోవాల్సింది ఇంకా మిగిలిందన్న ఉత్సాహమే కనిపించింది. పోటు వచ్చి పడవ అడుగు కదిలే సమయానికి నా సీసాలన్నీ ఆ ఇసుకతో నిండి ఉన్నాయి.

వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాక చెరువులాయన కూడా ఊరుకోలేకపోయారు. ఆ వేసవి నుంచి వారాల లెక్క పోయింది. ముగ్గురం కలిసే వెళ్ళేవాళ్ళం. ఆదివారం మాత్రం పొద్దున్న ఆయన ఒక్కరూ తిరిగేవారు, ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుంటుందండి అనేవారు. మేమూ వదిలేశాం.

వానాకాలంలో పడవని ఒడ్డెక్కించి టార్పాలిన్ కప్పాం. వరద ఎర్రగా, చెట్లని దొర్లించుకుంటూ పోయింది. రేవులో నిలబడి నర్సమ్మగారు అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూశారు. నీళ్ళు తేరాక ముగ్గురం వెళ్ళి చూస్తే, ఆ మేట ఎగువ భాగం లేదు. పుచ్చ పాదులు వేసిన చోట మనిషి మునిగేంత లోతు. రైతు దంపతులు అవతలి లంకకి మారిపోయారని వలలు వేసుకునేవాళ్ళు చెప్పారు. అక్కగారూ, ఇంక వెనక్కి తిప్పమంటారా అన్నారు చెరువులాయన. ఆవిడ వద్దన్నారు. ఇక్కడ తీసింది ఎక్కడో పెట్టి ఉంటుంది, కిందికి పోనివ్వండి అన్నారు.

యానాం వంతెన దూరంగా కనిపించే చోట కొత్త మేట ఒకటి దొరికింది. నీటికి బెత్తెడు ఎత్తులో, సన్నగా, పొడుగ్గా ఉంది. ఇంకా ఎవరూ కర్రలు పాతలేదు. ఒడ్డు పొడవునా కొంగలు, ఉల్లంకి పిట్టలు ముక్కులతో పొడుచుకు తింటున్నాయి. చెరువులాయన ఇంజను ఆపేశారు. నేను చెప్పులు విప్పి దిగబోయాను. నర్సమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇంకా తడిగానే ఉందమ్మా. ఆరనివ్వండి."

ముగ్గురం పడవలోనే కూర్చుని, పిట్టలు తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయాం.